లీటరుకు 35 గ్రాముల సముద్రం

ఖమ్మానికి తీరం లేదు. భద్రాచలం అడవికి ఉప్పుగాలి సోకదు. అయినా పది పన్నెండు అడుగుల గదిలో సముద్రపు చేప చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని తీయొచ్చు. ఈ పనికి అడ్డొచ్చేది దూరం కాదు, రోజూ తప్పని చాకిరీ. ఆ చాకిరీ ఎలా ఉంటుందో, ఎండకూ వరదకూ దోమలకూ పేరుపడ్డ ఈ అడవి అంచున దాన్ని ఎలా నెట్టుకురావాలో చెప్పేదే ఈ వారం ముఖచిత్ర కథనం.

ఒకప్పుడు ఇటువైపు ఊళ్లకు ఉప్పు ఎద్దుల మీద వచ్చేది. లంబాడీలు తీరంలో ఉప్పు ఎత్తుకుని, ఎద్దుల బిడారులు కట్టి, లోపలి ప్రాంతాలకు తోలుకొచ్చేవారు. సముద్రంతో ఈ నేలకున్న చుట్టరికం చాలాకాలం ఆ ఉప్పు వరకే. ఇవాళ ఆక్వేరియం ఉప్పు పార్సిల్‌లో ఇంటికొస్తుంది. లీటరు మంచినీళ్లలో 35 గ్రాములు కలిపితే సముద్రపు చేప బతికే నీళ్లు తయారు. మచిలీపట్నం తీరం ఖమ్మం నుంచి సుమారు 200 కిలోమీటర్లు. అంత దూరం నుంచి ట్యాంకర్లలో నీళ్లు తోలాల్సిన పనిలేదు.

చేపలంటే తెలియని జిల్లాలేమీ కావు ఇవి. పాలేరు, వైరా, కిన్నెరసాని జలాశయాలున్నాయి. పాలేరులో మత్స్య పరిశోధన కేంద్రమే ఉంది. దేశం మొత్తానికీ చేపల పెంపకం చూసే జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు (ఎన్‌ఎఫ్‌డీబీ) 2006లో ఏర్పాటైంది. దాని కార్యాలయం సముద్రం లేని హైదరాబాద్‌లో, అదీ చేప ఆకారపు భవనంలో ఉంది. అయితే బొచ్చె, రోహు పిల్లల్ని లక్షల్లో తీసే చేతికి కూడా సముద్రపు చేప కొత్త విద్యే. ఇక్కడ లెక్క లక్షల్లో ఉండదు, వందల్లోనే. ఆ వందల్లో సగం బతికితే పండగే.

ఎందుకీ ఉప్పునీటి మోజు?

ఆక్వేరియం షాపులో కనిపించే మంచినీటి చేపల్లో ఎక్కువ భాగం ఎక్కడో ఒక చెరువులోనో తొట్టిలోనో పెంచినవే. గప్పీ, మోలీ, గోల్డ్ ఫిష్, ఏంజెల్... ఏదీ అడవి నీళ్లలో పట్టి తెచ్చింది కాదు. సముద్రపు రంగు చేపల కథ వేరు. వాటిలో అత్యధికం ఇప్పటికీ పగడపు దిబ్బల మీద వల వేసి పట్టినవే. ఆగ్నేయాసియాలో కొన్నిచోట్ల సయనైడ్ చల్లి, చేపను మత్తులో ముంచి పట్టే దుర్మార్గం కూడా ఏళ్ల తరబడి సాగింది. అలా వచ్చిన చేప షాపు దాకా చేరినా మేత ముట్టక చస్తుంది. గదిలో పుట్టిన పిల్ల అలా కాదు. మొదటి రోజు నుంచీ గాజు గోడల మధ్యే పెరిగింది కాబట్టి గుళికల మేత తింటుంది, మనిషి చేయి చూసి బెదరదు.

నారింజ రంగు ఒంటి మీద తెల్ల గీతలుండే క్లౌన్ చేపల్ని వ్యాపార స్థాయిలో మొదట పెంచిన వాళ్లలో అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన మార్టిన్ మో ఒకరు. అది 1970ల మాట. 2003లో ‘ఫైండింగ్ నీమో’ సినిమా వచ్చాక ఆ నారింజ రంగు చేప పిల్లలందరికీ చుట్టమైపోయింది. మన దేశంలో ఈ విద్యను గట్టెక్కించింది పరిశోధన సంస్థలే. కొచ్చి కేంద్రంగా ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ (సీఎంఎఫ్‌ఆర్‌ఐ) విళింజం, మండపం కేంద్రాల్లో అలంకార చేపల హేచరీ పద్ధతులు తయారుచేసింది. తమిళనాడులోని పరంగిపేటలో అన్నామలై విశ్వవిద్యాలయం సముద్ర జీవశాస్త్ర కేంద్రం వెల్లార్ నది ముఖద్వారపు నీళ్లలోనే క్లౌన్ చేపల్ని గుడ్లు పెట్టించింది. లక్షద్వీప్‌లోని అగత్తిలో జాతీయ మత్స్య జన్యు వనరుల సంస్థ (ఎన్‌బీఎఫ్‌జీఆర్) ద్వీప మహిళలకు క్లౌన్ చేపలు, అలంకార రొయ్యలు పెంచడం నేర్పింది.

అగత్తి పద్ధతిలో మనం పట్టుకోవాల్సిన కిటుకొకటి ఉంది. గుడ్లు పెట్టించడం, పిల్లల్ని తీయడం అనే గడ్డు పని కేంద్రం చూసుకుంటుంది. కాస్త ఎదిగిన పిల్లల్ని అమ్మకం సైజు దాకా పెంచే పని మహిళలది. ఖమ్మంలో మొదలుపెట్టేవాళ్లకూ ఇదే వరస మంచిది. చేపలు కొనే దశకు వచ్చాక, ముందు పిల్లల్ని తెచ్చి పెంచడం నేర్చుకోవాలి. పిల్లల్ని తీయడం తర్వాతి మెట్టు.

బరువుకు కింది గది, వరదకు పై గది

మూడు అడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తున్న ట్యాంకులో దాదాపు 190 లీటర్లు పడతాయి. లీటరుకు కిలో. గాజు, స్టాండు కలిపితే పావు టన్ను. అలాంటివి నాలుగు పెడితే టన్ను బరువు ఒకే గోడ పక్కన నిలబడుతుంది. పాత డాబా స్లాబు మీద ఈ బరువు ఎక్కించే ముందు మేస్త్రీతో కాదు, ఇంజినీరుతో మాట్లాడాలి. అన్ని విధాలా నేల మీది గదే మేలు.

కానీ భద్రాచలంలో, బూర్గంపాడులో, గోదారి పక్క ఊళ్లలో ‘నేల మీది గది’ అనగానే ఇంకో లెక్క గుర్తుకు రావాలి. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో గోదారి 71.3 అడుగులకు వచ్చింది. 1986లో 75.6 అడుగులు. వరద మీ వీధి దాకా ఏయే ఏడు వచ్చిందో ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసు. వాళ్లనడిగాకే గది ఎంచుకోవాలి. వరద సోకే చోటైతే ట్యాంకుల సంఖ్య తగ్గించుకుని పైఅంతస్తులో, గోడల వెంబడి, దూలాల మీదుగా బరువు పడేలా పెట్టుకోవాలి.

గదికి పడమటి ఎండ తగలకూడదు. ఉత్తరం వైపు గది దొరికితే అదృష్టమే. రేకుల షెడ్డు పనికిరాదు. నేల టైల్స్‌తో, మూలన నీళ్లు పోయే తూముతో ఉంటే సగం నడుం నొప్పి తప్పుతుంది. ఉప్పు తుంపర ఇనుమును నెలల్లో తినేస్తుంది కాబట్టి స్టాండ్లు కర్రవో, సిమెంటు దిమ్మెలో అయితే మంచిది. స్విచ్ బోర్డు ట్యాంకు కన్నా ఎత్తులో, పక్కకు ఉండాలి. ప్రతి వైరూ ప్లగ్గులోకి వెళ్లే ముందు కిందికి ఓ వంపు తిరగాలి. తీగ వెంట జారిన నీటిబొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. మెయిన్‌కు ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించకుండా ఉప్పునీళ్లలో చేయి పెట్టడమంటే ప్రాణంతో చెలగాటమే. ఉప్పునీరు మంచినీటికన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కరెంటును పారనిస్తుంది.

నీళ్లు వండటం

బోరు నీళ్లు నేరుగా పనికిరావు. వాటి గట్టిదనం, కరిగిన లవణాలు ఊరికో తీరు. మిషన్ భగీరథ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. వీధి చివరి ప్లాంటులో దొరికే 20 లీటర్ల క్యాన్ చాలదా అంటే, చాలదు. మనం తాగే ఆర్వో నీళ్లలో రుచికోసం కొంత ఖనిజం మిగులుస్తారు. ఇక్కడ కావాల్సింది టీడీఎస్ మీటరు పెడితే సున్నా చూపించే నీళ్లు. అంటే ఆర్వో తర్వాత, మిగిలిన లవణాల్నీ లాగేసే డీఐ రెజిన్ గుండా కూడా పోవాలి. చిన్న ఆర్వో డీఐ యూనిట్ గదిలోనే పెట్టుకుంటే రోజూ క్యాన్లు మోసే పని తప్పుతుంది. అది వదిలే వ్యర్థ నీళ్లు గది కడగడానికి, మొక్కలకు సరిపోతాయి.

ఉప్పు అంటే వంటింటి ఉప్పు కాదు. సముద్రంలో సోడియం క్లోరైడ్‌తో పాటు మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, బైకార్బనేట్ ఎన్నో ఉంటాయి. అవన్నీ తగిన పాళ్లలో కలిపిన సింథటిక్ సీ సాల్ట్ వాడాలి. గదిలో మొత్తం 600 లీటర్లు ఉన్నాయనుకుంటే మొదటి నింపుడుకు 21 కిలోలు. వారానికి పదో వంతు మారిస్తే 60 లీటర్లు, అంటే రెండు కిలోల పైచిలుకు. నెలకు తొమ్మిది కిలోలు లెక్కవేసుకోవచ్చు. ఉప్పు ఎప్పుడూ నీళ్లలోనే పోయాలి, ఉప్పు మీద నీళ్లు పోయకూడదు. పోసి, పంపు పెట్టి ఒక రాత్రంతా తిప్పాకే చేపల దగ్గరికి పోవాలి.

చాలామంది తప్పటడుగు వేసేది తర్వాతి లెక్కలో. ట్యాంకులో నీళ్లు ఆవిరైతే ఉప్పు ఆవిరవదు. ఆ 600 లీటర్లలో 30 లీటర్లు ఆవిరైతే 35 కాస్తా దాదాపు 37కు చేరుతుంది. అక్కడ మళ్లీ ఉప్పునీళ్లు పోస్తే ఇంకా పెరుగుతుంది. ఆవిరైన మేరకు పోయాల్సింది ఉప్పు లేని శుద్ధ నీళ్లే. మే నెలలో ఫ్యాను తిరిగే గదిలో ఇది రోజూ ఉండే పని. ట్యాంకు గాజు మీద మార్కర్‌తో ఓ గీత గీసుకుంటే, పొద్దున్నే ఆ గీత దాకా పోస్తే చాలు.

నీళ్లు, ఉప్పు సిద్ధమైనంత మాత్రాన చేప వేయకూడదు. చేప వ్యర్థాల్లోంచి పుట్టే అమ్మోనియాను ఒకరకం బ్యాక్టీరియా నైట్రైట్‌గా, ఇంకోరకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. ఈ రెండు దళాలూ ఫిల్టర్‌లో కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపలు. ఈ ఆరు వారాలు ఖాళీ ట్యాంకు ముందు కూర్చోలేని మనిషి ఆరు నెలలు చేపల్ని సాకలేడు.

ఎండ, కరెంటు

చల్లని దేశాల్లో ఈ గదికి హీటర్ పెడతారు. కొత్తగూడెం, భద్రాచలం ఎండల్లో హీటర్‌తో పని పడేది చలికాలం తెల్లవారుజాముల్లో మాత్రమే. ఇక్కడ అసలు పోరు చల్లబరచడానికి. క్లౌన్ చేపలకు 26 నుంచి 28 డిగ్రీలు హాయి. 30 దాటితే మేత తగ్గుతుంది, గుడ్లు ఆగుతాయి. నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది. పైగా మంచినీటితో పోలిస్తే ఉప్పునీరు ఐదో వంతు తక్కువ ఆక్సిజన్ పట్టుకుంటుంది.

నీటి మీదుగా చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు దిగుతాయి. పొడి గాలి వీచే ఏప్రిల్‌లో ఇది బాగా పనిచేస్తుంది, ఉక్కపోసే జులైలో అంతగా చేయదు. 45 డిగ్రీల మే నెలలో మాత్రం ఏసీయే గతి. ట్యాంకుకో చిల్లర్ కొనేకన్నా గది మొత్తాన్ని చల్లబరిచే ఒక ఏసీ చవక. ట్యాంకుల అడుగున, వెనక, పక్కల థర్మాకోల్ షీట్లు పెట్టి, తలుపు సందులు మూస్తే ఏసీ మీద భారం తగ్గుతుంది.

పాల్వంచలో, మణుగూరులో కరెంటు పుడుతుంది. అంతమాత్రాన గాలివాన రాత్రి ఏజెన్సీ ఊళ్లో తీగ తెగకుండా ఉండదు. ఇన్వర్టర్ మీద ఏసీ నడపలేం, నడపాల్సిన పనీ లేదు. గాలి పంపులు నడిస్తే చాలు. అవి తినే కరెంటు అతి తక్కువ. మామూలు ఇంటి ఇన్వర్టర్ మీద గంటల తరబడి నడుస్తాయి. దానికి తోడు బ్యాటరీతో పనిచేసే గాలి పంపు ఒకటి కొక్కేనికి తగిలించి ఉంచుకోవాలి. ముందు ప్రాణవాయువు, తర్వాతే చల్లదనం.

దోమల మందుతో జాగ్రత్త

ఈ ప్రాంతంలో ఆక్వేరియం పుస్తకాలు చెప్పని ముప్పు ఒకటుంది. ఏజెన్సీ గ్రామాల్లో మలేరియా నివారణకు ఇళ్ల గోడలకు మందు పిచికారీ చేస్తారు. ఊళ్లలో ఫాగింగ్ యంత్రం తిరుగుతుంది. ఇంట్లో కాయిల్, ప్లగ్గులో పెట్టే లిక్విడ్ ఉండనే ఉన్నాయి. వీటిలో చాలావాటిలో ఉండేది పైరిథ్రాయిడ్ జాతి మందు. మనిషికి పెద్దగా హాని చేయదు కానీ చేపకూ, రొయ్య జాతి ప్రాణులకూ విషం. గాలి పంపు చేసే పనేమిటి? గదిలో గాలిని పీల్చి నీళ్లలోకి నెట్టడం. కాయిల్ పొగనూ అలాగే నెడుతుంది.

అందుకే చేపల గదిలో కాయిల్, లిక్విడ్ రెండూ నిషేధం. కిటికీలకు దోమతెర కొట్టించాలి. పిచికారీ సిబ్బంది వచ్చే రోజు ముందే కనుక్కుని ఈ ఒక్క గది వదిలేయమని అడగాలి. ఫాగింగ్ శబ్దం వినబడగానే తలుపు మూసి, ట్యాంకులు కప్పి, గాలి పంపు పీల్చే చోట కార్బన్ గొట్టం తగిలించాలి. మిరప, పత్తి చేలల్లో మందు కొట్టి వచ్చిన చేతులతో ట్యాంకు ముట్టకూడదు. స్నానం చేసి వచ్చినా, మోచేతుల దాకా మళ్లీ ఉత్త నీళ్లతో కడుక్కోవాలి. సబ్బు వాసన కూడా మిగలొద్దు.

పెద్దది ఆడ, దాని తర్వాతది మగ

క్లౌన్ చేపలన్నీ మగవిగానే పుడతాయి. గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడగా మారుతుంది. రెండోది దానికి జోడీ మగ. మిగతావి ఎదగకుండా అలాగే ఆగిపోతాయి. ఆడది చస్తే మగది ఆడగా మారుతుంది, కింద ఉన్నవాటిలో పెద్దది మగ స్థానానికి ఎక్కుతుంది. జర్మనీ శాస్త్రవేత్తలు హాన్స్ ఫ్రికే, సిమోన్ ఫ్రికే 1977లో దీన్ని లోకానికి వివరించారు.

కాబట్టి జంట కట్టడం తేలిక. రెండూ పిల్లలుగా ఉండగానే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది ఎంచి ఒకే ట్యాంకులో వేస్తే చాలు, మగా ఆడా అవే తేల్చుకుంటాయి. రెండు పెద్ద ఆడ చేపల్ని కలిపితే మాత్రం ఒకదాన్నొకటి చంపుకుంటాయి. పిల్లలుగా తెచ్చినవి గుడ్లకు రావడానికి ఏడాదిన్నర, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. రోజుకు రెండు మూడు సార్లు మేత పెట్టాలి. రొయ్యను, స్క్విడ్‌ను కడిగి, తరిగి, ఫ్రీజర్లో పెట్టుకుని కొంచెం కొంచెంగా వేయాలి. రోజుకు 12 నుంచి 14 గంటల వెలుగు ఉండాలి. ఆ సమయం టైమర్ చూసుకోవాలి, మనం కాదు.

సముద్రంలో ఇవి అనిమోన్ అనే పువ్వులాంటి జీవి పక్కన రాతి మీద గుడ్లు పెడతాయి. గదిలో అనిమోన్ అక్కర్లేదు. ఇక్కడ దొరికే మట్టి పెంకు, పూలకుండీ ముక్క చాలు. రంగు, మెరుగు పూయని మట్టిదై ఉండాలి. బాగా నానబెట్టి, కడిగి, ట్యాంకు మూలన ఏటవాలుగా ఆనిస్తే జంట దాన్నే నోటితో శుభ్రం చేసుకుంటుంది. మొదటి రెండు మూడు విడతల గుడ్లు తల్లిదండ్రులే తినేయడం మామూలు. అలవాటు పడ్డాక రెండు మూడు వారాలకోసారి కొన్ని వందల గుడ్లు పెడతాయి. కాపలా అంతా తండ్రిదే. రెక్కలతో విసురుతూ, పాడైన గుడ్డును ఏరేస్తూ ఉంటుంది.

కంటికి ఆనని మేత

కొత్తవాళ్లు డబ్బంతా చేపల మీద పెడతారు. అసలు పెట్టాల్సింది మేత మీద. పుట్టిన క్లౌన్ పిల్ల మూడు నాలుగు మిల్లీమీటర్లు. దాని నోట్లో పట్టేది రొటిఫర్ అనే ప్రాణి, మిల్లీమీటరులో పదో వంతు నుంచి మూడో వంతు లోపు. బతికున్నదే తింటుంది. పొడి మేత దాని కంటికి ఆనదు. ఆ రొటిఫర్లకు మళ్లీ మేత కావాలి. అది నానోక్లోరోప్సిస్ అనే పచ్చటి నాచు. అంటే చేప కోసం రొటిఫర్, రొటిఫర్ కోసం నాచు. చేప కన్నా ముందు ఈ రెండు పంటలూ చేతికి రావాలి.

నాచుకు రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా, ట్యూబ్‌లైటు, గాలి గొట్టం, నాచు ఎరువు చాలు. వారం రోజుల్లో సీసా ముదురు పచ్చగా మారుతుంది. సగం వాడుకుని, మిగతా సగాన్ని కొత్త ఉప్పునీళ్లతో నింపితే మళ్లీ పంట. రొటిఫర్లకు ఇరవై లీటర్ల బకెట్, మెల్లగా గాలి. రోజూ పావు వంతు తీసి సన్నటి జల్లెడలో వడకట్టి వాడుకోవాలి, తీసినంత కొత్త నీరు, నాచు వేయాలి. తీయకుండా వదిలేస్తే అవే కిక్కిరిసి ఒక్క రాత్రిలో కుప్పకూలిపోతాయి. అందుకే ఎప్పుడూ రెండు బకెట్లు, వీలైతే రెండు వేర్వేరు గదుల్లో. నాచు సీసా ముట్టిన మగ్గు రొటిఫర్ బకెట్‌లో ముంచొచ్చు కానీ, రొటిఫర్ బకెట్‌లో ముంచిన మగ్గు నాచు సీసా దగ్గరికి పోకూడదు. ఒక్క రొటిఫర్ పడ్డా నాచు పంట మొత్తం మేసేస్తుంది.

పొద్దున్నే చేసే మొదటి పని ఇదే. బకెట్‌లోంచి డ్రాపర్‌తో ఒక మిల్లీలీటరు గాజు పలకలో వేసి, వెనక టార్చి పట్టి, భూతద్దంతో చూడాలి. తెల్లటి చుక్కలు గిరగిరా తిరుగుతూ ఈదుతుంటే బాగున్నట్టు. చుక్కలు అడుగున పడి ఉన్నా, వాటి చుట్టూ ఇంకా సన్నటివి గబగబా దూసుకుపోతున్నా ఆ బకెట్ చెడిపోతోందని అర్థం. అప్పుడు రెండో బకెట్ కాపాడుతుంది.

నాలుగైదు రోజుల తర్వాత పిల్ల నోరు కాస్త పెద్దదవుతుంది. అప్పుడు ఆర్టీమియా అనే బుల్లి రొయ్య జాతి ప్రాణి. నెల్లూరు నుంచి కాకినాడ దాకా రొయ్యల హేచరీలు డబ్బాల కొద్దీ వాడేది ఇదే కాబట్టి మనవాళ్లకు కొత్త సరుకు కాదు. డబ్బాలోని గుడ్ల పొడిని ఉప్పునీళ్లలో వేసి, బాగా గాలి కొడితే ఒక రోజులో పిల్లలవుతాయి. గాలి ఆపి, అడుగున లైటు పెడితే పిల్లలు వెలుగు వైపు చేరతాయి, గుల్లలు పైకి తేలతాయి. గుల్ల చేప పిల్ల కడుపులోకి పోతే అడ్డం పడుతుంది కాబట్టి ఈ వేరుచేయడం ఓపికగా చేయాలి. పుట్టిన కొన్ని గంటల్లోనే ఆర్టీమియాలోని సత్తువ కరిగిపోతుంది. వెంటనే పెట్టాలి, లేదంటే ఒమేగా కొవ్వులున్న ద్రావణంలో నానబెట్టి పెట్టాలి.

పొదిగే రాత్రి

28 డిగ్రీల దగ్గర గుడ్లు ఏడెనిమిది రోజులకు పొదుగుతాయి. నారింజ రంగు గుడ్డు రోజురోజుకీ ముదురవుతుంది. వెండి రంగు కళ్లు మెరిశాయంటే ఆ రాత్రే. సాయంత్రం పెంకును నీళ్లలోనే గిన్నెలో పెట్టి పిల్లల తొట్టికి మార్చాలి. తొట్టిలో నీళ్లు తల్లి ట్యాంకువే ఉండాలి. పెంకు పక్కనే గాలి రాయి పెట్టి సన్నటి బుడగలు వదలాలి, తండ్రి రెక్కల విసురు లేని లోటు అవి తీరుస్తాయి.

లైటు ఆర్పేయాలి. సాధారణంగా గంట, రెండు గంటల్లో పొదగడం మొదలవుతుంది. మధ్యలో లైటు వేసి చూడాలనిపిస్తుంది, వేయకూడదు. తొట్టి మూలకు చిన్న టార్చి ఆనిస్తే పిల్లలు వెలుగు దగ్గరికి చేరతాయి. రెండు నల్ల చుక్కలు, వెనక గాజులాంటి తోక. కళ్లు తప్ప ఒంట్లో రంగే ఉండదు.

తెల్లారేసరికి తొట్టి నీళ్లలో లేత పచ్చ వచ్చేంత నాచు, మిల్లీలీటరుకు ఐదు నుంచి పది రొటిఫర్లు ఉండాలి. తొట్టి గోడలు నలుపు రంగువైతే పిల్లలకు మేత బాగా కనిపిస్తుంది. వెలుతురు తగ్గించాలి. పెద్ద ఫిల్టర్ పెట్టకూడదు, పిల్లలు లోపలికి పోతాయి. అందుకే అమ్మోనియా ప్రాణాంతకం. రోజూ సన్నటి గొట్టంతో అడుగు తుడిచి, తీసినన్ని నీళ్లు చుక్కచుక్కగా పోయాలి.

గుడ్డు నుంచి గీత దాకా

మొదటి 3 రోజులు: గుడ్లు నారింజ రంగులో. తండ్రి కాపలా. మనం నాచు, రొటిఫర్ బకెట్లు పెంచుకోవాలి.
4 నుంచి 6: గుడ్లు ముదురుతాయి, కళ్లు కనిపిస్తాయి.
7 లేదా 8: కళ్లకు వెండి మెరుపు. సాయంత్రం పెంకు మార్పు, రాత్రి పొదగడం.
పొదిగాక 1 నుంచి 4: రొటిఫర్లు మాత్రమే.
5 నుంచి 8: రొటిఫర్లతో పాటు ఆర్టీమియా. ఒక్కసారిగా మార్చకూడదు.
8 నుంచి 12: తల వెనక తెల్ల గీత మొదలవుతుంది, పిల్లలు అడుగుకు దిగుతాయి. ఎక్కువ చావులు ఇక్కడే.
మూడో వారం: పొడి మేత అలవాటు, ఫిల్టర్ ఉన్న ట్యాంకుకు మార్పు.
3, 4 నెలలు: అంగుళం సైజు, అమ్మకానికి సిద్ధం.

మొదటి విడతలో పది పిల్లలు మిగిలినా విజయమే. కొన్నింటికి గీత సగమే వస్తుంది, కొన్నింటికి చెంప మూత సరిగా పెరగదు. మేత లోపం, నీటి లోపం ఇలాగే బయటపడతాయి. చెంప మూత వంకరవాటిని అమ్మకపోవడం పెంపకందారు పరువు.

క్లౌన్ కన్నా తేలిక మెట్టు కావాలంటే బంగాయ్ కార్డినల్ ఉంది. ఇండోనేషియాలోని బంగాయ్ దీవుల చేప ఇది. ఎడాపెడా పట్టేయడంతో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం (ఐయూసీఎన్) 2007లో దీన్ని అంతరించే ముప్పున్న జాబితాలో చేర్చింది. మగ చేప గుడ్లను నోట్లో పెట్టుకుని దాదాపు మూడు వారాలు పస్తుంటుంది. వదిలే పిల్లలు కొద్దే అయినా పెద్దవి, నేరుగా ఆర్టీమియా తింటాయి. రొటిఫర్ బకెట్ అక్కర్లేదు. అయితే సత్తువ కలపని ఆర్టీమియా మీదే పెంచితే, ఏదో ఒక రోజు లైటు వేయగానే బెదిరి అక్కడికక్కడే చస్తాయి.

ఇక టాంగ్, సముద్రపు ఏంజెల్ జాతుల జోలికి ఇంటి గదిలో పోవద్దు. అవి గుడ్లను నీళ్లలోకి వదిలేస్తాయి. పిల్లల నోరు రొటిఫర్ కూడా పట్టనంత చిన్నది. ఎల్లో టాంగ్‌ను తొట్టిలో పెంచగలిగింది హవాయిలోని ఓషనిక్ ఇన్‌స్టిట్యూట్, అదీ 2015లో. బ్లూ టాంగ్‌ను ఫ్లోరిడా విశ్వవిద్యాలయం 2016లో సాధించింది. ఎన్నో ఏళ్ల ప్రయోగాల తర్వాత దక్కిన ఫలితాలవి.

చట్టం, చెలక

పగడపు రాయి మీద మోజు పడి కష్టాలు కొనితెచ్చుకోవద్దు. పగడాలు, సముద్ర గుర్రాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ. పిల్లల్ని తీసే గదికి పగడం అవసరం కూడా లేదు. పీవీసీ గొట్టం ముక్కలు, మట్టి పెంకులు, స్పాంజి ఫిల్టర్లు చాలు. చేపలు కొనేటప్పుడు హేచరీలో పుట్టినవే అడిగి, బిల్లు తీసుకోవాలి.

వారం వారం తీసే 60 లీటర్ల ఉప్పునీళ్లను ఏం చేయాలన్నది ఇంకో చిక్కు. పెరట్లో పోస్తే నేల చవుడు బారుతుంది, నిమ్మ చెట్టు ఎండుతుంది. చెలకలోకి, బావి దగ్గరికి అసలే పోకూడదు. కొంత నీటిని రొటిఫర్ బకెట్లకు వాడుకోవచ్చు. మిగిలింది పట్టణంలో మురుగు కాలువకు, ఎక్కువ నీళ్లతో కలిపి వదలాలి. కాలువ లేని పల్లెలో ట్యాంకుల సంఖ్యే తగ్గించుకోవాలి.

డబ్బు మాట

2020 సెప్టెంబరులో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన మార్గదర్శకాల్లో పెరటి అలంకార చేపల యూనిట్‌కు 3 లక్షల రూపాయల యూనిట్ ఖర్చు నిర్ణయించారు. అందులో జనరల్ వర్గానికి 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం రాయితీ. ఈ యూనిట్ మంచినీటి చేపలకే పరిమితం కాదు, సముద్రపు చేపలకూ వర్తిస్తుంది. భద్రాద్రి కొత్తగూడెం లాంటి గిరిజన జిల్లాలో స్వయం సహాయక సంఘం మహిళ ఈ పని మొదలుపెడితే 1.80 లక్షలు రాయితీగా రావాలి. అర్జీ పెట్టే ముందు పథకం ప్రస్తుతం ఏ దశలో ఉందో జిల్లా మత్స్య శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

అయినా అప్పు చేసి ఇందులో దిగమని ఎవరూ చెప్పకూడదు. కొనేవాళ్లు హైదరాబాద్‌లో ఉంటారు, మేడారం దారిలో ఉండరు. ఆక్సిజన్ సంచిలో కట్టి పంపిన పిల్ల దారిలో చస్తే నష్టం పెంచినవాళ్లదే. ఏసీ బిల్లు, ఉప్పు, ఆర్టీమియా డబ్బా నెల నెలా తప్పవు. మొదటి జంట గుడ్లకు వచ్చేదాకా రెండేళ్లు ఆదాయం సున్నా. పిల్లలు తెచ్చి పెంచి అమ్మితే ఆ ఖర్చు కొంత రాబట్టుకోవచ్చు. లాభం చూసుకోవాల్సింది మూడో ఏడు నుంచే.

అందుకే చేపలతో మొదలుపెట్టొద్దు. ముందు ఒక సీసా నాచు, రెండు బకెట్ల రొటిఫర్లు తెచ్చుకోండి. చేపలు లేవు, గుడ్లు లేవు, ఇంటికొచ్చినవాళ్లకు చూపించడానికి ఏమీ లేదు. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం, ఊళ్లో ఒక పెళ్లి, ఇంట్లో ఒక జ్వరం దాటేదాకా ఆ బకెట్లు రోజూ పొద్దున్నే బతికి కనిపిస్తే, అప్పుడు జంట కోసం ఆర్డర్ పెట్టండి. ఈలోపే అవి చచ్చిపోతే పోయింది రెండు బకెట్ల నీళ్లే.